వంద దాకా లెక్కపెట్టు

మా పుట్టింట్లో చేప వండక ముప్పై ఏళ్ళు దాటింది. నెల్లూరు వాళ్ళింట్లో చేపల పులుసు ఉండదంటే ఎవరూ నమ్మరు. మెహమాన్లు వస్తే అమ్మీ బిర్యానీ చేస్తుంది, దాల్చా చేస్తుంది, ఖీమా చేస్తుంది. దస్తర్‌ఖాన్ నిండిపోతుంది. చేప మాత్రం రాదు. పెళ్ళైన కొత్తలో మా ఆయన ఉండబట్టలేక అడిగేశాడు: "నెల్లూరు పిల్లను చేసుకుంటే రోజూ చేపల పులుసేనని దోస్తులంతా చెప్పారు. నా ఖిస్మత్ ఏంటి ఇట్లా ఉంది?" అందరం నవ్వాం. అమ్మీ నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈ ఖిస్సా చెప్పాలంటే రెండు చోట్ల నీళ్ళ గురించి చెప్పాలి. ఒకటి మా ఊరి చెరువు. రెండోది జోర్డాన్ దేశంలో అఖబా దగ్గరి ఎర్ర సముద్రం. ఆ సముద్రంలో ఒక కాలిపోయిన ఓడ ఉంది. 1985లో దాన్ని కావాలనే ముంచారు. నిరుడు నేను వీపుకు సిలిండర్ కట్టుకుని, నీళ్ళ కింద ఆ ఓడను చూసొచ్చాను. నన్ను ఎరిగిన ఆపాలు, భాభీలు ఇది చదివి "నువ్వా?" అంటారు. బకెట్‌లో నీళ్ళు ఎక్కువైతేనే గాభరాపడే మనిషిని. నిజమే. ఆ గాభరా ఎక్కడ నుంచి వచ్చిందో ముందు చెప్తాను.

భయ్యా నాకంటే ఐదేళ్ళు పెద్ద. అప్పుడు నాకు తొమ్మిది, తనకు పద్నాలుగు. సంక్రాంతి సెలవులు. ఆ ఏడు తుఫాను వానలు బాగా పడి చెరువు నిండా నీళ్ళున్నాయి. జొహర్ నమాజ్ అయ్యి, పెద్దవాళ్ళు భోంచేసి కునుకు తీసే వేళకు మేమిద్దరం మెల్లగా జారుకునేవాళ్ళం. భయ్యాకు ఒక ఆట ఉండేది. నీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టి ఎంతసేపు ఉండగలడో చూసుకోవడం. కట్ట మీద నాకు రెండు పనులు: తన చొక్కా, చెప్పులు పట్టుకోవడం ఒకటి, లెక్కపెట్టడం ఒకటి. "వంద దాకా లెక్కపెట్టు. మధ్యలో ఆపితే నీతో కట్టీ" అనేవాడు. అప్పటికి తన రికార్డు డెబ్బై రెండు.

ఆ రోజు నేను వంద లెక్కపెట్టాను. భయ్యా పైకి రాలేదు. నాకు ఖౌఫ్ కలగలేదు. ఖుషీ కలిగింది. రికార్డు కొట్టాడనుకున్నాను. ఆపితే కట్టీ అన్నాడు కదా, ఇంకా లెక్కపెట్టాను. నూట యాభై. నూట ఎనభై. రెండు వందల దగ్గర నా గొంతు నాకే వింతగా వినిపించింది. అప్పుడు అరిచాను.

ఇటుకల కోసం మట్టి తవ్వుకున్న గుంతలు చెరువులో ఉండేవి. నీళ్ళొస్తే అవి పైకి కనపడవు. కాలు అడుగున బురదలో ఇరుక్కుందన్నారు. మగ్రిబ్ దాటాక గజ ఈతగాళ్ళు తీశారు. మర్నాడు జనాజా లేచింది. నలభై రోజులు గడిచాక, ఎప్పుడూ వచ్చే చేపలామె గంప దించి గుమ్మంలో కేకేసింది. ఆ చెరువు చేపలే. అమ్మీ ఒక్క మాట అనలేదు. తలుపు దగ్గరికి వేసింది. అంతే, ఆ రోజుతో మా ఇంట్లో చేప ఆగిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

నెల్లూరులో ముహర్రం మాసంలో రొట్టెల పండగ జరుగుతుంది. బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జనం మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, షాదీ రొట్టె, ఔలాద్ రొట్టె, ఏ మన్నత్ ఉంటే ఆ రొట్టె. మావారికి సౌదీ వీసా ఆలస్యమైనప్పుడు ఆయన కూడా నీళ్ళలో దిగి విదేశీ రొట్టె పట్టుకున్నాడు. అమ్మీ మాత్రం ఆ నీళ్ళలో పాదం పెట్టదు. గట్టు మీద నిలబడి "పానీ మే నక్కో జా బేటీ, యహీఁ ఠహర్" అని నా దుపట్టా కొంగు పట్టుకునేది. నా షాదీ అయిన తర్వాత కూడా పట్టుకునేది.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఇంటికొచ్చిన వాళ్ళంతా "పిల్ల వెంటనే అరిచింది, పాపం" అన్నారు. నేను తల ఊపాను. రెండు వందల దాకా ఊరికే లెక్కపెడుతూ కూర్చున్నానని అమ్మీకి చెప్పలేదు. అబ్బాకు చెప్పలేదు, ఆయన మర్హూమ్ అయిపోయారు కూడా. పెళ్ళయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. ప్రతి షబే బరాత్‌కు భయ్యా మగ్ఫిరత్ కోసం దుఆ చేసేటప్పుడు, ఆ లెక్క నా నాలుక మీదే ఉండేది.

రొట్టె ఖుబూల్ అయింది. పదకొండేళ్ళుగా మేం తబూక్‌లో ఉంటున్నాం. సౌదీకి ఉత్తరాన, జోర్డాన్ సరిహద్దుకు దగ్గరి ఊరు. చుట్టూ రేగిస్తాన్. నాకు చాలా హాయిగా ఉండేది. చెరువు లేదు, కాలువ లేదు, నది లేదు. కానీ మనుషులు జుమ్మా సెలవు వస్తే ఊరుకుంటారా? మూడు గంటలు కారు నడిపి హఖల్ వైపు సముద్రం చూడటానికి పోతారు. అక్కడ బీర్ అల్ మాషీ అనే చోట తీరానికి దగ్గర్లోనే ఒక పెద్ద ఓడ ఒరిగిపోయి ఉంది. పేరు జార్జియోస్ జి. 1978లో పగడపు దిబ్బ ఎక్కి ఇరుక్కుపోయింది. అప్పటి నుంచి ఎండలో తుప్పు పట్టి నిలబడి ఉంది. అందరూ దాని ముందు ఫోటోలు దిగుతారు. మా బిటియా అడిగింది: "అబ్బా, ఇది మునగదు, కదలదు. దీన్ని ఏం చేస్తారు?" మా ఆయన అన్నాడు: "ఏమీ చేయరు బేటా. చూస్తారు అంతే." ఆ ఓడ నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించింది.

తర్వాతి సెలవులకు సరిహద్దు దాటి అఖబా వెళ్ళాం. జోర్డాన్‌కు ఉన్న సముద్ర తీరమంతా కలిపితే ఇరవై ఏడు కిలోమీటర్ల లోపే. ఆ చిన్న తీరంలోనే వాళ్ళ ఓడరేవు, ఊరు, పగడాలు అన్నీ. నీళ్ళు ఎంత సాఫ్‌గా ఉంటాయంటే, ఒడ్డున కూర్చున్నా అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. మా ఆయన, బిటియా మాస్కులు పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ చేపలు చూస్తున్నారు. నేను గట్టున గొడుగు కింద కూర్చున్నాను. కాసేపటికి పిల్ల నీళ్ళలోంచి లేచి నా దగ్గరికొచ్చింది.

"అమ్మీ, నేను తల ముంచినప్పుడల్లా నీ పెదాలు కదులుతున్నాయి. దుఆ చదువుతున్నావా?"

"అవును బేటా."

"దుఆలో ముప్పై ఒకటి, ముప్పై రెండు అని ఉంటాయా?"

నాకు జవాబు లేదు. పిల్ల నా మొహం చూసింది, మాస్క్ తీసి పక్కన పెట్టింది. "నీకు అంత డర్ అయితే నేను దిగనులే" అని నా పక్కన కూర్చుంది. పన్నెండేళ్ళ పిల్ల. సముద్రం ఎదురుగా పెట్టుకుని, నా కోసం గట్టు మీద. నా దుపట్టా కొంగు అమ్మీ పట్టుకున్నట్టే, నేను చేయి కూడా వేయకుండా పిల్లను పట్టేసుకున్నానని ఆ క్షణాన తెలిసింది. ఒక ఇంట్లో ఖౌఫ్ కూడా విరాసత్‌లా వస్తుంది. నగలు పంచుకున్నట్టు తల్లి నుంచి కూతురికి.

తబూక్ తిరిగొచ్చాక ఆడవాళ్ళకు వేరే సమయం ఉన్న ఈతకొలను వెతుక్కుని చేరాను. నలభై దాటిన ఆడది ఈత నేర్చుకోవడం చూసి పిల్లలు నవ్వారు. మొదటి నెల అంతా గోడ పట్టుకునే ఉన్నాను. పద్నాలుగు నెలలు పట్టింది. స్కూబా కోర్సు చేయాలంటే ఆగకుండా రెండు వందల మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. రెండు వందలు అనే అంకె వినగానే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఆ రెండు వందలు కూడా లెక్కపెట్టుకుంటూనే ఈదాను.

అఖబాలో డైవింగ్ నేర్పే చోట ముందే అడిగితే ఆడ ఇన్‌స్ట్రక్టర్‌ను ఇచ్చారు. ఆమెను నేను ఉస్తాజా అనేదాన్ని. మన ఆడవాళ్ళు తప్పక అడిగే సంగతి ఇక్కడే చెప్పేస్తాను: బట్టల గురించి ఫికర్ అక్కర్లేదు. ఒంటి నిండా బుర్కినీ వేసుకుని, దాని మీద వెట్‌సూట్ వేసుకున్నాను. తలకు కూడా రబ్బరు టోపీ ఉంటుంది, చెవుల మీదుగా గొంతు దాకా వస్తుంది. పైగా చలికి అది కావాలి కూడా. కానీ ఆరోగ్యం ఫారం మాత్రం నిజాయితీగా నింపాలి. ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్యలు ఉంటే డాక్టర్ ఇజాజత్ లేకుండా దిగకూడదు.

మొదటి పాఠం రోజు ఉస్తాజా ఒక వేలు చూపించి అంది: "అన్నీ మరిచిపోయినా సరే, ఒక్కటి మరవకు. నీళ్ళ కింద ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు."

నేను మళ్ళీ చెప్పమన్నాను. నాకు ఇంగ్లీషు అర్థం కాలేదనుకుని ఆమె మెల్లగా, చేత్తో చూపిస్తూ చెప్పింది. పది మీటర్ల లోతుకు పోతే మన మీద బరువు పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది. ఇరవై మీటర్లకు మూడింతలు. సిలిండర్‌లోంచి వచ్చే గాలి కూడా ఆ బరువుకు తగ్గట్టు నొక్కుకుని మన ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. పైకి వస్తున్నప్పుడు అదే గాలి ఉబ్బుతుంది. అప్పుడు ఊపిరి బిగబడితే, ఆ గాలికి దారి లేక ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అందుకని పీలుస్తూ ఉండాలి, వదులుతూ ఉండాలి. ఆగకూడదు.

నా జిందగీలో నీళ్ళంటే ఊపిరి బిగబట్టడమే. గట్టు మీద కూర్చుని కూడా నేను బిగబట్టే ఉన్నాను. అట్లా చేయొద్దని ఇంతకాలానికి ఒక మనిషి చెప్పింది. మాస్క్ పెట్టుకుని ఉన్నాను కాబట్టి కళ్ళ నీళ్ళు ఎవరికీ కనపడలేదు.

నేర్చుకునే డైవ్‌లు నాలుగూ పూర్తయ్యాక ఉస్తాజా అంది: "రేపు నిన్ను సిడార్ ప్రైడ్ దగ్గరికి తీసుకెళ్తాను." ఆ ఓడ కథ ఒడ్డు మీద కూర్చుని చెప్పింది.

అది 1964లో స్పెయిన్‌లో కట్టిన సరుకుల ఓడ. డెబ్బై నాలుగు మీటర్ల పొడవు. చేతులు మారినకొద్దీ పేర్లు మారుతూ వచ్చాయి. చివరికి లెబనాన్ వాళ్ళ చేతికొచ్చి సిడార్ ప్రైడ్ అయింది. లెబనాన్ జెండా మీద ఉండే చెట్టే సిడార్, అంటే మన దేవదారు జాతి చెట్టు. 1982 ఆగస్టులో అఖబా రేవులో ఉండగా ఓడకు నిప్పంటుకుంది. ఇంజను గది, నావికులు ఉండే గదులు కాలిపోయాయి. ఇద్దరు నావికులు చనిపోయారు. ఆ కాలిపోయిన ఓడ మూడేళ్ళు రేవులోనే పడి ఉంది. ఇప్పటి రాజు అబ్దుల్లా అప్పుడు రాకుమారుడు, తను కూడా డైవరే. దాన్ని సముద్రంలో ముంచి చేపలకు, పగడాలకు ఇల్లుగా చేద్దామన్నది ఆయన ఆలోచనే. 1985 నవంబర్ 16న ఒడ్డుకు నూట యాభై మీటర్ల దూరంలోపే దాన్ని ముంచారు.

"ముంచితే చాలా? చేపలు వచ్చేస్తాయా?" అని అడిగాను.

చాలదంది. ముందు నూనె, డీజిల్, విషం లాంటి సరుకులన్నీ తీసి ఓడను కడగాలి. లేకపోతే ఇల్లు కట్టినట్టు కాదు, చెత్త పారేసినట్టు. అమెరికాలో ఫ్లోరిడా తీరంలో 1970లలో అట్లాగే సుమారు ఇరవై లక్షల పాత టైర్లు సముద్రంలో వేశారట, చేపలకు ఇల్లవుతుందని. కట్లు తెగి టైర్లు కొట్టుకుపోయి, పక్కనున్న అసలు పగడాలనే దెబ్బతీశాయి. ఇప్పటికీ తీయిస్తూనే ఉన్నారు. మంచి నీయత్ ఒక్కటే సరిపోదు, తరీఖా కూడా సరిగ్గా ఉండాలి. మన దేశంలో తమిళనాడు, కేరళ తీరాల్లో కాంక్రీటు దిమ్మెలతో ఇట్లాంటి ఇళ్ళు కడుతున్నారని నేను చెప్పాను. ఆమె సంతోషపడింది.

పగడం పిల్లదశలో నీళ్ళలో తేలుతూ తిరుగుతుందట, కంటికి ఆననంత చిన్నగా. అంటుకోవడానికి గట్టి చోటు కావాలి. ఇసుక పనికిరాదు, కదులుతుంది. ఇసుక నేల మీద ఒక ఓడ పడితే, అది దానికి కొత్త కొండ. ముందు పాచి పడుతుంది, తర్వాత గవ్వల్లాంటివి అంటుకుంటాయి, మెత్తని పగడాలు వస్తాయి, ఆ తర్వాత గట్టి పగడాలు. నీడ, మేత, దాక్కునే చోటు దొరికాయని చేపలు చేరతాయి. ఇదంతా ఏళ్ళ మీద జరిగే పని. సబ్ర్ కావాలి.

మర్నాడు ఫజర్ చదివి ఒడ్డుకు వచ్చాం. మా ఆయన, బిటియా గట్టున ఉన్నారు. ఈసారి గొడుగు కింద కూర్చున్నది వాళ్ళు. ఎర్ర సముద్రం మామూలు సముద్రం కంటే ఉప్పన, అందుకని మనిషి ఎక్కువ తేలుతాడు. నడుముకు సీసం బరువులు కట్టారు. వీపున సిలిండర్, నోట్లో రెగ్యులేటర్. బిస్మిల్లాహ్ అనుకుని దిగాను.

మొదట చెవులు నొప్పి పెట్టాయి. ముక్కు మూసి మెల్లగా ఊదితే చెవులు తెరుచుకున్నాయి. ఉస్తాజా నా చేయి పట్టుకుని ముందుకు పోతోంది. అడుగున ఇసుక వాలుగా కిందికి పోతోంది. అంతా నీలం. నాకు నా ఊపిరి తప్ప ఏమీ వినపడటం లేదు. పీలిస్తే ఒక శబ్దం, వదిలితే బుడగల శబ్దం. అలవాటు కొద్దీ లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

నలభై దాటాక ఎదురుగా నీలంలో ఒక నల్లటి గోడ కనిపించింది. దగ్గరికి పోయేకొద్దీ అది పెద్దదైంది. ఓడ ఎడమ పక్కకు పూర్తిగా ఒరిగి పడుకుని ఉంది, పక్క తిరిగి నిద్రపోయే మనిషిలాగా. పైకి ఉన్న కుడి పక్క పది మీటర్ల లోతులో ఉంటుంది, అడుగు ఇరవై ఐదు దాటుతుంది. రెండు పగడపు దిబ్బల మీద ఆనుకుని ఉండటం వల్ల మధ్యలో ఓడ కింద ఖాళీ ఉంది. అనుభవం ఉన్న వాళ్ళు ఆ సందులోంచి పోతారు. నా సర్టిఫికెట్‌కు పద్దెనిమిది మీటర్లే హద్దు. లోపలి గదుల్లోకి పోవడం కూడా మనా. దానికి వేరే తర్బియత్ ఉంది. నేను పైనుంచి, పక్కనుంచి చూశాను. అదే చాలు.

దూరం నుంచి అంతా బూడిద రంగు. కాలిన ఓడ కదా, ఇంతే కాబోలు అనుకున్నాను. అప్పుడు ఉస్తాజా టార్చ్ వేసింది. నీళ్ళలో లోతు పెరిగేకొద్దీ సూర్యుడి వెలుగులో ఎరుపు ముందు పోతుంది, అందుకే ఎర్రటివన్నీ మట్టి రంగులో కనపడతాయి. టార్చ్ పడిన చోటల్లా ఎరుపు, గులాబీ, నారింజ, ఊదా. ఓడ స్తంభం నిండా, దాని చివర కాపలా మనిషి నిలబడే తొట్టి నిండా మెత్తని పగడాలు కాసి ఉన్నాయి. షాదీ పందిరికి సెహ్రాలు కట్టినట్టుంది. నారింజ రంగు చిన్న చేపలు వందలుగా ఒకేసారి ఇటు తిరుగుతున్నాయి, ఒకేసారి అటు తిరుగుతున్నాయి. తుప్పు పట్టిన రంధ్రంలోంచి ఒక మోరే పాము చేప నోరు తెరిచి మూస్తూ నన్ను చూసింది. రెక్కలు విప్పుకున్న ఒక సింహ చేప నీడలో కదలకుండా నిలబడింది. దాని ముళ్ళలో విషం ఉంటుందని ముందే చెప్పారు, దూరంగా జరిగాను.

ఒక గది కిటికీ ముందు ఆగాను. గుండ్రటిది, అద్దం లేదు. లోపల చీకటి. ఉస్తాజా టార్చ్ అటు తిప్పింది. లోపలంతా అద్దం ముక్కల్లాంటి చిన్న చేపలు, వాటి ఒంట్లోంచి అవతలి వెలుగు కనపడుతోంది. నావికులు ఉండే గదులు కాలిపోయాయని విన్నాను కదా. ఇది ఎవరి గదో నాకు తెలియదు. ఇద్దరు మనుషుల ఆఖరి ఊపిరి ఈ ఇనుప గోడల మధ్య ఆగిపోయింది. ఇప్పుడు ఇక్కడ ఇన్ని ప్రాణాలు ఊపిరి పీలుస్తున్నాయి.

మా చెరువు గుర్తొచ్చింది. ఆ గుంత, ఆ బురద. ఆ తర్వాత కూడా ఆ చెరువులో చేపలు పెరిగాయి, మనుషులు తిన్నారు, పిల్లలు పెరిగారు. చెరువుకు భయ్యా మీద కోపం లేదు. చేపలకు గునాహ్ లేదు. ఇది నాకు ఎప్పుడో తెలిసి ఉండాలి. కానీ తెలియడం వేరు, ఆ గది కిటికీ ముందు ఆగి చూడటం వేరు.

అప్పుడు గమనించాను, నేను లెక్క ఆపేశాను. ఎక్కడ ఆపానో తెలియదు. యాభై దగ్గరా, అరవై దగ్గరా? ఖౌఫ్‌తో వెంటనే ఊపిరి గట్టిగా పీల్చాను. వచ్చింది. వదిలాను. బుడగలు పైకి పోయాయి. లెక్కపెట్టకపోయినా ఊపిరి వస్తోంది.

ఓడలో చనిపోయిన ఆ ఇద్దరి కోసం మనసులోనే దుఆ చేశాను. వాళ్ళది ఏ మజ్హబో నాకు తెలియదు. భయ్యా కోసం చేశాను. ఈసారి నాలుక మీద అంకెలు లేవు.

పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి. ఆ మూడు నిమిషాలు ఉస్తాజా తన గడియారం చూసింది. నేను చూడలేదు. ఒడ్డున బిటియా పరుగెత్తుకొచ్చి నీళ్ళలో నిలబడి అడిగింది: "అమ్మీ, ఎంతసేపు ఉన్నావో తెలుసా? ముప్పై నాలుగు నిమిషాలు!"

"నువ్వు లెక్కపెట్టావా?" అని అడిగాను, గుండె ఝల్లుమని.

"నేనెందుకు? అబ్బా ఫోన్‌లో పెట్టుకున్నాడు. నేను ఐస్‌క్రీమ్ తిన్నాను."

అల్హమ్దులిల్లాహ్. ఇంతకంటే మంచి ఖబర్ నేను వినలేదు. ఆ మధ్యాహ్నం పిల్ల నీళ్ళలో దిగింది. నేను పక్కనే దిగాను.

ఆ రోజే తబూక్ బయల్దేరకూడదు. తబూక్ సముద్ర మట్టానికి ఏడు వందల మీటర్లకు పైనే ఉంది, దారిలో కొండలు ఇంకా ఎత్తు. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదన్నట్టే, అంత ఎత్తుకు కారులో కూడా పోకూడదు. అందుకని ఆ రాత్రి అఖబాలోనే ఉన్నాం. ఊరి మధ్యలో ఐలా శిథిలాలున్నాయి. ఇషా తర్వాత ఆ పక్కన నడుస్తూ నెల్లూరుకు ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావ్ బేటీ?"

"అఖబాలో అమ్మీ. పాత పేరు ఐలా."

"ఐలానా? చేపల ఊరు కదా!" అంది. చిన్నప్పుడు మక్తబ్‌లో విన్న సబ్బాత్ వాళ్ళ ఖిస్సా ఆమెకు గుర్తుంది. శనివారం చేపలు పట్టొద్దంటే హీలా చేసి పట్టిన ఆ సముద్రపు ఒడ్డు ఊరు ఐలానే అని చాలామంది ముఫస్సిర్‌లు చెప్తారు. అమ్మీ నోట చేపలు అనే మాట నేను ఎన్నాళ్ళకు విన్నానో.

చెప్పేశాను. ఈత, కోర్సు, ఓడ, అన్నీ. అటువైపు చప్పుడు లేదు. తిడుతుందనుకున్నాను. ఆ ఇద్దరు నావికుల సంగతి కూడా చెప్పాను. చాలాసేపటికి అడిగింది: "వాళ్ళ అమ్మలకు తెలుసా, అక్కడ ఇప్పుడు అట్లా ఉందని?"

"తెలియదమ్మీ. నాకు తెలియదు."

"ఎవరన్నా చెప్తే బాగుండు" అంది.

అప్పుడే మిగతాది కూడా నా నోట్లోంచి వచ్చేసింది. "అమ్మీ, ఆ రోజు నేను వెంటనే అరవలేదు. రెండు వందల దాకా లెక్కపెడుతూ కూర్చున్నాను."

"మాలూమ్" అంది.

నేను నడక ఆపేశాను.

"నిద్రలో లెక్కపెట్టేదానివి. ఏడాది పైన. వంద దగ్గరికొచ్చేసరికి ఒళ్ళంతా చెమట పట్టేది. నీ చేయి పట్టుకుంటే ఆగేదానివి. చెప్తావని చూశాను. చెప్పలేదు. అడిగితే నువ్వు విరిగిపోతావని నేను అడగలేదు." కాసేపు ఆగి అంది: "తొమ్మిదేళ్ళ పిల్లవి. వాడు లెక్కపెట్టమన్నాడు, పెట్టావు. నీది ఏం ఖసూర్?"

ఫోన్ పట్టుకుని ఇద్దరం ఏడ్చాం. పక్కన మా ఆయన, బిటియా ఏమీ అర్థం కాక నిలబడ్డారు. ఆ రాత్రి వాళ్ళకూ చెప్పాను.

అమ్మీ ఇప్పుడు కూడా చేప తినదు. ఖిస్సా చివర్లో అన్నీ మారిపోవాలని నేను అనుకోను. స్వర్ణాల చెరువులో కూడా ఆమె దిగదు. కానీ తబూక్ చేరిన వారానికి తనే ఫోన్ చేసింది. "పిల్లకు నెల్లూరు పులుసు తెలియకుండా పెంచుతున్నావు. అక్కడ మంచి చేప దొరుకుతుందా?" అని. హమూర్ దొరుకుతుందన్నాను. వంట మొదలైంది. స్పీకర్ పెట్టి పొయ్యి పక్కన ఫోన్ ఉంచాను. చింతపండు ఎంత, మెంతులు ఎప్పుడు, మామిడికాయ ముక్కలు ఏ పూటకు వేయాలి, ముప్పై ఏళ్ళలో ఒక్కటీ మరవలేదు. గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పమంది. దించాక మూత తీసి వాసన చూస్తుంటే చప్పుడు విని అటు నుంచి కేకేసింది:

"అభీ నక్కో! రాత్రంతా అట్లాగే ఉండనీ. పొద్దున తింటేనే దానికి రుచి."